గోత్రం వేరు, ఇంటిపేరు వేరు: మీ ఇంటిపేరులో ఏ ఊరుంది?

గుడిలో అర్చన చేయించేటప్పుడు పూజారి గారు "గోత్రం చెప్పండి" అంటారు, ఇంటిపేరు మాత్రం సాధారణంగా అడగరు. ఎందుకు? రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు కానీ, కాదండి.

భారద్వాజ, కౌండిన్య లాంటి గోత్రాలు మనల్ని ఒక ఋషి పరంపరతో కలుపుతాయి. ఇంటిపేరు ఎక్కువగా పూర్వీకులు ఉన్న ఊరి నుంచో, చేసిన పని నుంచో వస్తుంది. ఒకే ఊరి నుంచి బయల్దేరిన రెండు కుటుంబాలకి ఆ ఊరే ఇంటిపేరు కావచ్చు. అందుకే ఇంటిపేరు ఒకటైనా గోత్రాలు వేరుగా ఉండొచ్చు.

మీ ఇంటిపేరు చివర చూడండి. "ఊరి" ఉంటే అసలు పేరు "ఊరు", "వీటి" ఉంటే "వీడు", "పాటి" ఉంటే చాలాసార్లు "పాడు". కొండవీటి అంటే కొండవీడుకి చెందినవాళ్ళు. ఇక సోమయాజుల అంటే ఆ వంశంలో ఎవరో సోమయాగం చేశారని గుర్తు. కరణం అంటే ఊరి లెక్కలు రాసిన ఉద్యోగం.

అన్నమయ్య పుట్టింది రాజంపేట దగ్గరున్న తాళ్ళపాకలోనే. పోతన గారి బమ్మెర కూడా ఊరే. కానీ త్యాగరాజ స్వామిని చూడండి. 1767లో తమిళనాడులోని తిరువారూరులో పుట్టారు, తిరువయ్యారులో జీవించారు. అయినా ఇంటిపేరు కాకర్ల! అది ఆంధ్రలో ఆయన పూర్వీకుల ఊరు. తరాలు మారినా, ఊరు ఎంత దూరమైనా, పేరు ముందు అది నిలిచే ఉంది.

సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకుంటాం. అంటే ఇప్పుడు ఎక్కడున్నామో సంకల్పం చెబుతుంది, ఏ ఋషి పరంపరో గోత్రం చెబుతుంది. ఎక్కడి నుంచి బయల్దేరామో చెప్పేది ఇంటిపేరే.

మరి మనం దాన్ని ఏం చేస్తున్నాం? ఐడీ కార్డు మీద ఒక్క అక్షరం చేసేశాం. ఆ అక్షరం వెనక ఉన్న ఊరు ఏ జిల్లాలో ఉందో తెలిసినవాళ్ళు ఇంట్లో తాతయ్యో, నానమ్మో మాత్రమే. వాళ్ళ తర్వాత చెప్పేవాళ్ళు ఉండకపోవచ్చు.

ఈ ఆదివారం వాళ్ళకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: మన ఇంటిపేరు ఏ ఊరిది? అక్కడి నుంచి ఎవరు, ఎందుకు వచ్చారు? మన కులదైవం గుడి ఎక్కడుంది? విన్నది విన్నట్టు రాసిపెట్టుకోండి. వీలైతే ఒకసారి ఆ ఊరు వెళ్ళి, అక్కడి దేవుడికి ఓ కొబ్బరికాయ కొట్టి రండి.

శుభం!