నీ మీద కూడా నువ్వు తీర్పరివి కావు

ఫార్మింగ్టన్ హిల్స్,
మిషిగన్

ప్రియమైన చిట్టితల్లికి,



నీ ఉత్తరం అందింది. ఆన్ ఆర్బర్‌లో చదువు, పార్ట్‌టైం పని, ఇంటర్న్‌షిప్ రాలేదన్న దిగులు అన్నీ రాశావు. చివర్లో ఒక ప్రశ్న అడిగావు. పొరుగువాళ్లను మనలాగే ప్రేమించాలని ప్రభువు చెప్పాడు కదా, నా మీద నాకే ప్రేమ లేనప్పుడు ఇంకొకరిని ఎలా ప్రేమించేది అమ్మమ్మగారూ అని. అదే కాగితంలో పైన నీ రూమ్మేట్ గురించి నాలుగు మాటలున్నాయి. శనివారం రాత్రి పార్టీకి వెళ్లిన పిల్ల ఆదివారం పొద్దున్నే చర్చిలో చేతులెత్తి పాడుతోంది, అదంతా నటన అన్నావు. ఈ రెండు సంగతులకూ పొత్తు లేదని నువ్వు అనుకుని ఉంటావు. నాకు మాత్రం రెండూ ఒక్కచోట పుట్టినట్టే తోచాయి. ఫోన్లో మాట్లాడి వదిలేసే విషయం కాదు గనుక రాస్తున్నాను. బైబిల్ పక్కన పెట్టుకుని నిదానంగా చదువు.

ముందు మొదటి కొరింథీ పత్రిక నాలుగో అధ్యాయం తియ్యి. కొరింథు సంఘంలో జనం బోధకులకు మార్కులు వేస్తున్నారు. కొందరు పౌలు వర్గం, కొందరు అపొల్లో వర్గం, కొందరు పేతురు వర్గం. దానికి పౌలు ఇచ్చిన జవాబు చూడు. మీరు నా గురించి ఏం తేల్చినా నాకు అది పెద్ద లెక్కలోది కాదు అంటాడు. అక్కడితో ఆగి ఉంటే పొగరు అనిపించేది. ఆ వెంటనే, నన్ను నేను తేల్చే పని కూడా నేను పెట్టుకోను అంటాడు. మనస్సాక్షి తప్పు చూపించకపోయినంత మాత్రాన నిర్దోషిని అయిపోనని, తేల్చవలసినవాడు ప్రభువేనని ముగిస్తాడు.

ఇతరులకు తీర్పు తీర్చవద్దన్న ప్రసంగాలు మనం ఎన్నో విన్నాం. తనకు తాను తీర్పు తీర్చుకోవద్దన్న మధ్య మాట మీద ప్రసంగం మాత్రం నేను చాలా అరుదుగా విన్నాను. ఆ మాట అన్నది ఎవరు? స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే కొట్టేవాళ్ల బట్టలకు కాపలా ఉన్న మనిషి. ఇళ్లలోకి చొరబడి విశ్వాసులను ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించినవాడు. తనను తాను అసహ్యించుకోవడానికి అంతకంటే కారణం ఎవరికి ఉంటుంది? ఆ గతాన్ని అతను దాచలేదు, ఉత్తరాల్లో మళ్లీమళ్లీ ఒప్పుకున్నాడు. దాని మీద ఆఖరి మాట చెప్పే పని మాత్రం తన చేతుల్లోకి తీసుకోలేదు.

అదే పత్రిక పదకొండో అధ్యాయంలో, ప్రభువు బల్ల దగ్గరకు వచ్చే ముందు ఎవరికి వారు పరీక్షించుకోవాలని అతనే రాశాడు. పరీక్ష వేరు, తీర్పు వేరు. మొన్నటి ఇంటర్వ్యూకి సరిగా తయారు కాలేదు అనుకోవడం పరీక్ష. దాన్నుంచి రేపు చేయాల్సిన పని ఒకటి దొరుకుతుంది. నేను దేనికీ పనికిరాను అనుకోవడం తీర్పు. దాని తర్వాత చేయడానికి ఏమీ మిగలదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ, అందులో అన్నీ రెండో రకం వాక్యాలే.

లూకా పద్దెనిమిదో అధ్యాయంలో, ఆలయంలో ప్రార్థించిన సుంకరి గుర్తున్నాడు కదా. పాపినని ఒప్పుకున్నాడు, కనికరించమని అడిగాడు. నాలాంటివాడికి గుడి ఎందుకని ఇంట్లో కూర్చోలేదు. అతనికి ముందు నిలబడ్డ పరిసయ్యుడికి ఉపవాసాలూ దశమభాగాలూ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా అతని ప్రార్థన పూర్తి కావడానికి వెనకాల ఆ సుంకరి కావలసి వచ్చాడు. తన విలువ మీద నమ్మకం చాలనివాళ్లకు తమకంటే తక్కువవాళ్లు ఎవరో ఒకరు కనబడుతూ ఉండాలి. నీ రూమ్మేట్ గురించి నువ్వు రాసినవి అక్కడి నుంచే వచ్చాయని నా నమ్మకం. ఆ ఇంటర్న్‌షిప్ దొరికింది ఆ అమ్మాయికేనని నువ్వే రాశావు.

నిన్ను తక్కువ చేసే కొలతలు ఎక్కడివో నాకు తెలుసు. ఇక్కడ మనవాళ్ల కూడిక దేనికి వెళ్లినా ఒంటి మీద కోటు తీయకముందే ప్రశ్నలు. ఏ కంపెనీ? ఫుల్‌టైమా, కాంట్రాక్టా? ఎచ్-1బి లాటరీలో వచ్చిందా? ఇల్లు నోవైలోనా, కాంటన్‌లోనా? ఊరుగాని ఊళ్లో ఒకరి బాగోగులు ఒకరు తెలుసుకోవాలన్న ఆత్రం అందులో ఉంది, కాదనను. కానీ వినేవాళ్లకు అవి మార్కుల్లాగే వినబడతాయి. ఇంటికెళ్లాక కూర్చుని కూడుకుంటారు. మరుసటి వారం కొత్తగా వచ్చినవాళ్లను పట్టుకుని అవే అడుగుతారు.

ఇలాంటి కొలతలనే ఒంగోలులో మన పెద్దలు ఎలా ఎదుర్కొన్నారో నీకు ఎవరూ వివరంగా చెప్పి ఉండరు గనుక కాస్త ఎక్కువ రాస్తాను. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు భార్య హ్యారియెట్‌తో 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ బాప్టిస్టు సంఘం మొదలైంది. పట్నంలోని పెద్దకులాలవాళ్లు దొరగారితో స్నేహంగానే ఉండేవారు, పిల్లలను బడికి పంపేవారు. అప్పుడు పడమటి పల్లెల నుంచి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన మాట విన్న మాదిగలు రావడం మొదలైంది. పేరయ్యది తోళ్ల వ్యాపారం. అంతకుముందే గురువు దగ్గర రాజయోగం నేర్చుకుని సాధన చేసినవాడు. దేవుణ్ణి వెతకడంలో ఆయన ఎవరికీ తీసిపోయేవాడు కాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రాం, మా పిల్లలు రారు అని పెద్దకులాలవాళ్లు కచ్చితంగా చెప్పేశారు.

దొరగారు ఒకచోట, ఆయన భార్య ఇంకోచోట, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వాక్యం తెరిచారు. ఇద్దరికీ కనబడింది ఒకటే: మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివర, లోకం లెక్కచేయనివాళ్లనే దేవుడు ఏరి తెచ్చుకున్నాడని పౌలు రాసిన చోటు. ఆయన తన స్వీయచరిత్రలో ఈ సంగతి చెప్పుకున్నారు. పేరయ్య మనుషులకు తలుపు తెరుచుకుంది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ దొరగారినే చూస్తారు. నువ్వు పేరయ్యను చూడు. ఊరు ఊరంతా తరతరాలుగా, పుట్టకముందే తీర్పు చెప్పేసిన మనిషి. చెరువు దగ్గరకు రానివ్వలేదు, గుడి దగ్గరకు రానివ్వలేదు. ఆ తీర్పు నిజమని నమ్మి ఉంటే, దేవుడు తనకూ దొరుకుతాడేమో అని అంత దూరాలు నడిచి ఉండేవాడు కాడు. నన్ను నేను అంగీకరించుకోవడం ఎలా అని నువ్వు అడిగావు. నాకు ఆ నడక గుర్తొస్తుంది. నా గురించి ఆఖరి మాట ఊరివాళ్లది కాదు, నాది కూడా కాదు అనుకుని చెప్పులు తొడుక్కుని బయల్దేరడం.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశారు. ఆ సహాయం నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా అన్నం కోసం మారినవాళ్లన్న మాట మన పెద్దల మీద పడింది, ఇప్పటికీ పడుతూనే ఉంది. నువ్వూ కాలేజీలో విన్నావు, ఏడుస్తూ ఫోన్ చేశావు. ఆ మాట అనేవాళ్లు ఏం చేస్తున్నారో ఆలోచించు. వేలమంది గుండెల్లోకి ఒకేసారి వెళ్లి చూసి వచ్చినట్టు మాట్లాడుతున్నారు. వాళ్లలో ఆకలి ఎంత, విశ్వాసం ఎంత అని తూచగలిగిన మనిషి ఎవరు? యోహాను ఆరో అధ్యాయంలో రొట్టెల కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో యేసు ఆ మాట మొహం మీదే అన్నాడు. అని, వెళ్లగొట్టలేదు. కూర్చోబెట్టి మాట్లాడాడు.

కవి గుర్రం జాషువాగారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1895లో వినుకొండలో పుట్టారు. కవుల సభల్లో అంటరానివాడన్నారు. క్రైస్తవుల్లో కొందరేమో పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని ఆక్షేపించారు. రెండు వైపుల నుంచీ తీర్పులే. ఆయన 1941లో గబ్బిలం రాశారు, క్రీస్తు చరిత్ర కూడా రాశారు. రెండోదానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ రెండు వైపులవాళ్లలో ఎవరికీ నచ్చేలా తనను కత్తిరించుకోలేదు.

ఇంత చరిత్ర ఉన్నవాళ్లం మనం తీర్పు దగ్గరకు వచ్చేసరికి ఏం చేస్తున్నామో, నేను చూసిన ఒక సంగతి చెబుతాను. పోయిన చలికాలం ఇక్కడ ఒక ఇంట్లో ప్రార్థన కూడిక. బేస్‌మెంట్‌లో మడత కుర్చీలు, మెట్ల పక్కన మంచు అంటిన బూట్లు, బల్ల మీద అల్యూమినియం ట్రేల్లో పులిహోర, కోడికూర. పక్కింటామె పిలిస్తే ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, ఎర్రటి బొట్టు, చేతినిండా గాజులు. కూర్చోగానే ముందు వరుసలోని ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి ఆమె నుదుటి వైపు చూసింది, తర్వాత చేతుల వైపు చూసింది, మళ్లీ ముందుకు తిరిగింది. రెండో పాట అయ్యేలోపు వచ్చినావిడ లేచి బాత్రూముకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బొట్టు లేదు. కడిగిన చోట చర్మం గుండ్రంగా ఎర్రబడి ఉంది, నుదుటి దగ్గర వెంట్రుకలు తడిసి ఉన్నాయి. గాజులను చీరకొంగు కింద దాచుకుని కూర్చుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తీర్పు తీర్చామని ఆ గదిలో ఎవరూ ఒప్పుకోరు కూడా. ఆమె మళ్లీ రాలేదు.

మనలో మనకే ఎన్ని కొలతలున్నాయో నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. బంగారం పెట్టుకునేవాళ్లు, తీసేసినవాళ్లు. తెల్లచీర కట్టేవాళ్లు, రంగుచీర కట్టేవాళ్లు. సినిమాకు వెళ్లేవాళ్లు, టీవీ కూడా ఇంట్లో ఉంచనివాళ్లు. ఈ నియమాలను నేను చులకన చేయడం లేదు. నమ్మి పాటించేవాళ్లకు అవి దేవుని ఎదుట పెట్టుకున్న ఒప్పందాలు. వాటిని కొలబద్దగా తీసుకుని పక్కవాళ్ల ఒంటి మీద పెట్టినప్పుడే పాడవుతాయి. రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయం మొత్తం దీని గురించే. రోమాలో మాంసం తినేవాళ్లకూ కూరగాయలే తినేవాళ్లకూ తగవు వచ్చింది. ఆ ఎదుటి మనిషి ఇంకొకరి సేవకుడు, అతని లెక్క అతని యజమాని చూసుకుంటాడు, మధ్యలో నీకేం పని అని పౌలు నిలదీశాడు.

అయితే తప్పు జరుగుతున్నా నోరు మూసుకోవాలా అని అడుగుతావు, అడగాలి కూడా. దానికి ఇక్కడి సంగతే ఒకటి చెబుతాను. మన ఊళ్లో ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద హోలోకాస్ట్ మ్యూజియం ఉంది. 1984లో వెస్ట్ బ్లూమ్‌ఫీల్డ్‌లో మొదలై 2004లో ఇక్కడికి మారింది. యూదులను మరణ శిబిరాలకు కుక్కి తీసుకుపోయిన కాలం నాటి సరుకుల రైలుపెట్టె ఒకటి అందులో ఉంది. అది చూసి బయటికి వచ్చాక ఇంకో సంగతి తెలుసుకో. ఇదే ఓక్లాండ్ కౌంటీలో, రాయల్ ఓక్‌లో, ఫాదర్ చార్లెస్ కాగ్లిన్ అనే కేథలిక్ గురువు ఉండేవాడు. 1930లలో ఆయన రేడియో ప్రసంగాలు లక్షలమంది వినేవారు. 1938 నవంబరులో జర్మనీలో యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టిన కొద్దిరోజులకే ఆయన మైకు ముందు కూర్చుని యూదులనే తప్పుపట్టాడు. అంతకుముందు 1920లలో ఈ రాష్ట్రంలోనే కూ క్లక్స్ క్లాన్‌వాళ్లు కేథలిక్కులను ద్వేషిస్తూ ఊరేగారు. తీర్పు దెబ్బ తిన్నవాళ్లలోంచే తీర్పరి వచ్చాడు, అచ్చం ఆ బేస్‌మెంట్‌లోలాగే.

కాగ్లిన్ చేసింది పాపమని నేను గట్టిగా అంటాను, నువ్వూ అను. చేసిన పనిని తప్పనడం యేసు మాన్పించలేదు. రాళ్లు పట్టుకున్నవాళ్ల మధ్య నిలబడ్డ స్త్రీని ఆయన శిక్షకు అప్పగించలేదు, అలాగే ఆ జీవితం వదిలేయమనీ చెప్పాడు. మత్తయి ఏడో అధ్యాయంలో కంట్లో దూలం, నలుసు మాట కూడా సగంలో ఆపి చదవొద్దు. ముందు నీ కన్ను బాగు చేసుకో, తర్వాత ఎదుటివాళ్ల నలుసు తీయడానికి చూపు ఆనుతుంది అన్నది దాని చివర. అంటే ఆ నలుసు తీయవలసిందే. కంట్లో నలుసు తీసేవాళ్లు దగ్గరకు వెళ్లాలి, మెత్తగా పట్టుకోవాలి, ఆ మనిషి తల కదపకుండా నమ్మకంగా కూర్చోవాలి. ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి చూస్తే వచ్చేది కాదు.

ఇక చేయాల్సినవి. రాత్రి ప్రార్థనలో ఆ రోజు చేసిన తప్పులను పేరుపేరునా చెప్పు. అబద్ధం ఆడితే ఆడానని, బద్ధకిస్తే బద్ధకించానని. నేను పాపిని, పనికిమాలినదాన్ని అని ఒక్కమాటలో దులిపేసుకోకు, అది ఒప్పుకోలు కిందికి రాదు. చెప్పాక క్షమించమని అడిగి పడుకో. పొద్దున మళ్లీ వాటినే తవ్వకు.

నీ రూమ్మేట్‌కు ఇంటర్న్‌షిప్ వచ్చినందుకు మనసారా సంతోషమని చెప్పు. నీకు ఏడుపొస్తే అది కూడా ఆమెతో చెప్పు. ఒకరోజు కలిసి వంట చేసుకోండి. శనివారం సంగతి నువ్వు ఎత్తొద్దు. ఆమె ఆదివారం ఏం అడుగుతూ చేతులెత్తుతోందో ఎప్పటికైనా తనే చెబుతుందేమో, చెబితే విను.

వచ్చే ఉత్తరం లోపు రోమా పద్నాలుగు మొత్తం చదువు. తినేవాళ్లకు ఒక తప్పు, తిననివాళ్లకు ఇంకో తప్పు అంటగట్టాడు పౌలు. ఆ రెండింటిలో నీది ఏది, నీ రూమ్మేట్‌ది ఏది, వాక్యం నంబరు వేసి నాకు రాయి.

ప్రేమతో,
అమ్మమ్మ