యంత్రాల కంపనాలు – వాటి అదుపు
(యాకుత్‌పురా గిర్నిలో మేము నేర్చుకున్న పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ సారు అడిగారు. మేము ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని ఇప్పుడు ఎం.టెక్. మెషిన్ డిజైన్ చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. అందుకే ఊరికి పోయినప్పుడు ఏం చదువుతున్నారని అడిగితే చెప్పడం కష్టంగా ఉండేది. "మిషన్లు ఎందుకు వణుకుతాయో చదువుతున్నాం" అంటే నవ్వేవారు. మిషన్ అన్నాక వణకదా అని. వణుకుతుంది. కాని ఎంత వణకవచ్చు, ఎక్కడి నుండి వస్తుంది, ఎట్లా తగ్గించాలి అన్నదే మా సబ్జెక్టు.

ముందు అసలు సంగతి. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో 'డోలనాలు' పాఠం చదివినవారికి ఇది తెలిసిందే. ఒక స్టీలు స్కేలును బెంచీ అంచున నొక్కిపట్టి, బయట ఉన్న కొసను వంచి వదిలితే అది తన ఇష్టమొచ్చినట్లు కాక ఒక లెక్క ప్రకారం ఊగుతుంది. బయట ఉన్న భాగం తగ్గిస్తే వేగంగా, పెంచితే నెమ్మదిగా ఊగుతుంది. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఆ లెక్క దాదాపు మారదు. దీనినే సహజ పౌనఃపున్యం అంటారు. వస్తువు గట్టిదనాన్ని (మీటరుకు న్యూటన్లలో) దాని ద్రవ్యరాశితో (కిలోగ్రాములలో) భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. గట్టిదనం పెరిగితే ఇది పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ వ్యాసంలో మిగిలినదంతా అర్థమవుతుంది.

బయటి నుండి ఒక బలం సరిగ్గా అదే లెక్కతో తోస్తుంటే ఏమవుతుంది? బోరు దగ్గర నుండి బకెట్ నిండా నీళ్ళు మోసుకొచ్చే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అడుగుల లయ నీళ్ళ ఊగుతో కలిసిందంటే నాలుగడుగుల్లో నీళ్ళు కాళ్ళ మీద పడతాయి. అడుగు మారిస్తే ఆగిపోతుంది. ఇదే అనునాదం.

మరి యంత్రంలో తోసేదెవరు? చాలా సార్లు అసమతౌల్యం, అనగా తిరిగే భాగం బరువు నడిమధ్యలో లేకపోవడం. ఒక పుల్లిలో 10 సెంటీమీటర్ల దూరాన 20 గ్రాముల బరువు ఎక్కువైందనుకోండి. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు ఆ పుల్లి ఉంటే అపకేంద్ర బలం సుమారు 45 న్యూటన్లు. అంటే ఇరవై గ్రాములు నాలుగున్నర కిలోల బరువంత బలంతో, సెకనుకు 24 సార్లు దిక్కు మారుస్తూ లాగుతుంది. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది.

చరిత్రలో ఇక్కడ ఒక తమాషా ఉంది. 1869లో రాంకిన్ అనే పెద్ద శాస్త్రవేత్త, తిరిగే ఇరుసు ఒక వేగాన్ని మించి తిరగలేదని లెక్క కట్టి రాశాడు. ఆ వేగాన్నే ఇప్పుడు క్రిటికల్ స్పీడ్ అంటాము. 1889 ప్రాంతంలో స్వీడన్ ఇంజినీరు డి లావాల్ సన్నని, వంగే ఇరుసుతో ఆవిరి టర్బైన్ చేసి ఆ వేగాన్ని దాటించి తిప్పి చూపించాడు. దాటాక వణుకు పెరగలేదు, తగ్గింది. కారణం, ఆ వేగం దాటిన తరువాత చక్రం తన ఆకారపు మధ్యబిందువు చుట్టూ కాక బరువు మధ్యబిందువు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. జర్మనీలో ఫోపుల్ 1895లోనే ఈ సంగతి వివరించినా, 1919లో జెఫ్‌కాట్ ఇంగ్లీషులో రాశాకే అది అందరికీ అందింది. ఏ భాషలో రాస్తే ఎవరికి చేరుతుందో చూడండి! నేటికీ మా పుస్తకాల్లో మొదటి రోటార్ పాఠానికి జెఫ్‌కాట్ పేరే. పుస్తకం అంటే గుర్తొచ్చింది. ప్రపంచమంతా చదివే 'మెకానికల్ వైబ్రేషన్స్' (మొదటి ముద్రణ 1986) రాసిన సింగిరేసు ఎస్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఇ. చదివినవారు. లైబ్రరీలో ఆ అట్ట మీద మన పేరు వంటి పేరు చూసిన రోజు ఆ లావు పుస్తకం అంటే భయం కొంత పోయింది. మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్ రోటార్లను గాలి తీసేసిన సొరంగం వంటి గదిలో తిప్పి, బరువు సరిచూస్తారు.

ఇక గిర్ని సంగతి.

మేము రోజూ యాకుత్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి జామై ఉస్మానియాలో దిగుతాము. స్టేషనుకు పోయే గల్లీలో ఒక చాచా పిండి గిర్ని ఉంది. జొన్నలు, గోధుమలు, సంక్రాంతి ముందర సకినాల బియ్యం అక్కడే పడతారు. వానల్లో గల్లీ నీళ్ళు లోపలికి వచ్చి ఒకసారి మోటారు తడిసింది. అప్పుడు చాచా మోటారును నేల మీది నుండి తీసి ఇనుప యాంగిళ్ళతో చేసిన స్టాండు మీదికి ఎక్కించాడు. నీళ్ళ బాధ పోయింది గాని వణుకు మొదలైంది. మేడ మీద వంటింటి అరలో గిన్నెలు మోగేవి. గోడలో సన్నని పగులు కనబడగానే ఇంటావిడ నెల రోజుల్లో ఖాళీ చేయమన్నది. చాచాకు అరవై దాటాయి. ఇరవై ఏళ్ళ గిరాకీ ఆ గల్లీలోనే ఉంది. వేరే చోటికి పోతే మళ్ళీ మొదటి నుండి.

మేమూ, మా రూమ్మేటూ ఒక ఆదివారం పోయాము. ఇంజినీర్లం గదా! ఏమీ కొలవకుండానే "కింద రబ్బరు వేస్తే సరి" అని చెప్పి, పాత టైరు ముక్కలు కోయించి స్టాండు కాళ్ళ కింద పెట్టించాము. మోటారు వేయగానే ఇంకా ఎక్కువ ఊగింది. "బేటా, తగ్గిస్తమని వచ్చి పెంచి పోతున్నరేంది?" అన్నాడు చాచా. ఆయన నవ్వుతూనే అన్నాడు గాని మాకు ముఖం చెల్లలేదు.

మరుసటి వారం కొలిచాము. మా దగ్గర వేల రూపాయల పరికరాలు లేవు. ఫోనులో కదలికను పట్టే చిన్న సెన్సారు ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంవారు 2016లో విడుదల చేసిన 'ఫిఫాక్స్' అనే ఉచిత యాప్ దాని లెక్కలు చూపుతుంది, పౌనఃపున్యాలు విడదీస్తుంది. ఫోనును మోటారు పీఠానికి టేపుతో గట్టిగా బిగించాము. (చేత్తో పట్టుకుంటే కొలిచేది చేతిని, యంత్రాన్ని కాదు.) మా ఫోను సెకనుకు 400 సార్లు కొలుస్తుంది. కనుక అందులో సగం, 200 దాకా పౌనఃపున్యాలనే నమ్మవచ్చు. బేరింగు లోపాలు చాలావరకు అంతకన్నా పైన కనిపిస్తాయి, వాటికి ఫోను చాలదు.

తిరగలి రాయి నిమిషానికి 640 చుట్లు, అనగా సెకనుకు 10.7. మోటారు 1440, అనగా 24. రాయిలోనే తేడా ఉందని మా అనుమానం. కాని 10.7 దగ్గర గీత చిన్నది, 24 దగ్గర పెద్దది. అంటే తోసేది మోటారు వైపు. పట్టా తీసేసి మోటారును ఒంటరిగా తిప్పినా వణుకు పోలేదు. దాంతో రాయి మీద అనుమానం పూర్తిగా తీరింది. అయితే మోటారు చెడిపోయిందా? నేల మీద ఉన్నప్పుడు అదే మోటారు బాగానే ఉండేది కదా!

అప్పుడు మోటారు ఆపి, కర్ర సుత్తితో స్టాండును పక్క నుండి ఒక్క దెబ్బ కొట్టాము. స్కేలు ఊగినట్లే స్టాండు తన సహజ పౌనఃపున్యంతో ఊగి ఆగింది. రబ్బరు లేకుండా సెకనుకు 26 సార్లు. రబ్బరు మీద 25. తోసే బలం 24. ఇక్కడే దొరికింది దొంగ. మోటారులో ఉన్న మామూలు కొద్దిపాటి అసమతౌల్యాన్నే ఆ స్టాండు పెద్దది చేస్తోంది. లెక్క ఇది: 24ను 26తో భాగిస్తే 0.923, దాని వర్గం 0.852. ఒకటిలో నుండి తీసేస్తే 0.148. ఒకటిని దానితో భాగిస్తే సుమారు 6.8. ఉన్న ఊపు 6.8 రెట్లు పెరుగుతుందన్నమాట. రబ్బరు వేశాక 24కు ఇంకా దగ్గరై 12.8 రెట్లు! (అవరోధాన్ని, అనగా డ్యాంపింగును, లెక్కలోకి తీసుకోకుండా చెబుతున్నాము.)

రబ్బరు పనికిరానిదని కాదు. తోసే పౌనఃపున్యం సహజ పౌనఃపున్యానికి 1.414 రెట్లు దాటినప్పుడే మెత్తని ఆధారం కంపనాన్ని నేలకు పోకుండా ఆపుతుంది. అంటే మోటారు, దాని ఆధారం కలిపి 17 కంటే కిందికి దిగాలి. అంత మెత్తగా చేస్తే మోటారు ఊగి పట్టా జారుతుంది. రెండో దారి, 1909లో ఫ్రామ్ అనే జర్మన్ ఇంజినీరు కనిపెట్టిన శోషకం. యంత్రానికి ఇంకో చిన్న బరువును స్ప్రింగుతో తగిలించి 24కు శ్రుతి చేస్తే ఆ బరువు ఊగుతుంది, యంత్రం ఊరుకుంటుంది. మాకు అది చేయాలని ఎంత ఆశ పుట్టిందో! కాని గింజలు నిండుగా పోసినప్పుడు మోటారు వేగం తగ్గుతుంది, ఖాళీగా ఉంటే పెరుగుతుంది. శ్రుతి నిలవదు. కనుక వద్దనుకున్నాము.

మిగిలింది స్టాండును గట్టి చేయడం. రెండు గల్లీల అవతల వెల్డింగ్ షాపులో నాలుగు యాంగిల్ ముక్కలు కోయించి, కాళ్ళ మధ్య ఏటవాలుగా అతికించాము. అరపూట పని. మళ్ళీ కొడితే 41 వచ్చింది. 24ను 41తో భాగించి అదే లెక్క చేస్తే ఊపు 1.5 రెట్లే. పైగా స్టాండు గట్టిదనం రెండున్నర రెట్లయింది. కనుక కాగితం మీద కదలిక పదకొండో వంతుకు తగ్గాలి. నిజానికి అంత తగ్గలేదు. ముందు సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లున్న కంపన వేగం 1.3కు వచ్చింది, ఏడున్నర రెట్లు తగ్గినట్లు. పుస్తకంలో స్టాండు నేలకు అతికి ఉంటుంది, గిర్నిలో నేల బండ కూడా కదులుతుంది. ఈ తేడా మాకు పరీక్షలో ఎవరూ అడగలేదు.

10, 1.3 అంటే ఎక్కువా, తక్కువా? ఐఎస్ఓ 10816 ప్రమాణంలో 15 కిలోవాట్ల లోపు మోటార్లకు ఒక పట్టిక ఉండేది: 0.71 దాకా కొత్త యంత్రం, 1.8 దాకా ఎన్నాళ్ళయినా నడపవచ్చు, 4.5 దాకా కొన్నాళ్ళే, దాటితే ప్రమాదం. 2016లో ఐఎస్ఓ 20816 దాని స్థానంలోకి వచ్చినా ఈ అంకెలు వర్క్‌షాపుల్లో ఇంకా వాడుకలో ఉన్నాయి. చాచా మోటారు పది హార్స్‌పవర్, అంటే 7.5 కిలోవాట్లు. ఇప్పుడు రెండో గడిలో ఉంది. ఇంటావిడ మనుమణ్ణి పంపింది, "గిన్నెలు మోగుతలేవు, ఉండమనుమంది" అని. గోడ పగులు మాత్రం అట్లాగే ఉంది. అది వణుకు వల్ల వచ్చిందో, వాననీళ్ళ వల్ల వచ్చిందో మేము తేల్చలేదు.

గిర్ని పని అయ్యాక మాకు ఇంట్లో సంగతి గుర్తుకొచ్చింది. మా నాయన ఇరవై ఏళ్ళు రాతి క్వారీలో కంప్రెసర్ డ్రిల్లు పట్టాడు. చలికాలం పొద్దున్నే ఆయన కుడిచేతి వేళ్ళు సున్నం పూసినట్లు తెల్లబడతాయి. చొక్కా గుండీలు అమ్మ పెట్టాలి. "ఏం లేదు బిడ్డా, తిమ్మిరే" అంటాడు. మేమూ అట్లాగే అనుకున్నాము. అది తిమ్మిరి కాదు. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలో సున్నపురాయి చెక్కేవారి చేతులు పరీక్షించి, గాలితో నడిచే పనిముట్ల కంపనం వల్లనే వేళ్ళు తెల్లబడుతున్నాయని రాసింది. కంపనానికి వేళ్ళలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగలగానే నాళాలు ముడుచుకుని రక్తం ఆగుతుంది.

దీనికీ లెక్క ఉంది. ఐరోపా సమాఖ్య 2002 ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల సగటు మీద చేతికి అందే కంపన త్వరణం 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 (సెకను వర్గానికి మీటర్లు) దాటకూడదు. పని గంటలను 8తో భాగించి, వర్గమూలం తీసి, పనిముట్టు త్వరణంతో గుణిస్తే ఆ సగటు వస్తుంది. రాతి డ్రిల్లుకు 20 అనుకుందాము. అప్పుడు 2.5 చేరడానికి ఏడున్నర నిమిషాలు, 5 చేరడానికి అరగంట చాలు. నాయన రోజుకు ఐదు గంటలు పట్టేవాడు. లెక్క వేస్తే 15.8. పరిమితికి మూడింతలు పైన.

ఈ లెక్క కాగితం మీద వేసి నాయనకు చూపించాము. చాలాసేపు చూసి, "అరగంటకు కూలి ఎవరిస్తరు బిడ్డా?" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. పిడి సంగతి మాత్రం ఆలోచిస్తున్నాము. డ్రిల్లు నిమిషానికి సుమారు 2000 దెబ్బలు కొడితే సెకనుకు 33. పిడికి స్ప్రింగు పెట్టి దాని సహజ పౌనఃపున్యం 23 కంటే కిందికి దించితే దెబ్బలు చేతికి కొంత తగ్గాలి. కాని పిడి మరీ మెత్తనైతే బొరియ దారి తప్పుతుంది, మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, గట్టిగా పట్టుకున్న కొద్దీ కంపనం చేతికి ఎక్కువ ఎక్కుతుంది. మెత్తని చేతి తొడుగులు ఇంత తక్కువ పౌనఃపున్యానికి పెద్దగా పనిచేయవు. చలికి కాపాడతాయి, అంతే. ఈ సంవత్సరం మా ప్రాజెక్టు ఆ పిడి మీదనే. దీనికి ఫోను పనికిరాదు. చేతి కంపనాన్ని 1000 హెర్ట్జుల దాకా కొలవాలి, కాలేజీ ల్యాబులోని సెన్సారు అడిగి ఉన్నాము.

మీ ఇళ్ళలో డ్రిల్లు, గ్రైండర్, రాయి కోత మిషను పట్టేవారు ఉంటే ఈసారి సెలవులకు పోయినప్పుడు మూడు సంగతులు అడిగి రాసుకు రండి: ఏ మిషను, ఎన్నేళ్ళు, చలికి ఏ వేళ్ళు ఎంతవరకు తెల్లబడతాయి. ఆదివారాలు మేము హాస్టల్‌కు వస్తూనే ఉంటాము.