సోమవారం ఆయాసం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది వీరులపాడు మండలంలో జిన్నింగ్ మిల్లు. సీజన్లో అరవై మంది దాకా పనిచేస్తారు, సగానికి పైగా ఆడవాళ్లే. నిరుడు హెల్త్ క్యాంపు పెట్టించి అందరికీ బీపీ, షుగరు చూయించాం. గేటు దగ్గర సలహాల పెట్టె పెడితే ఇంతవరకు ఒక్క చీటీ పడలేదు. అయినా ఆదివారం సెలవు ఇచ్చి సోమవారం పిలిస్తే పదిమంది ఎగ్గొడతారు. వచ్చినవాళ్లు గుండె పట్టేసింది, ఆయాసం అంటూ మధ్యాహ్నానికే కూలబడతారు. ఇదంతా ఆదివారం తాగుడేనని సగం కూలి కోస్తున్నాం. ఇంకేం చేయాలి?
- మేనేజరు

జవాబు: ముందు ఆ కోత ఆపండి. సగానికి పైగా ఆడవాళ్లేనని మీరే రాశారు. వాళ్లందరికీ తాగుడు అంటగట్టే ముందు ఒక్కరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అడిగారా?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ సోమవారం. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుపోవడం దాని తొలి గుర్తు. వారం సాగేకొద్దీ తేలికపడుతుంది, మళ్లీ సోమవారం మొదటికి వస్తుంది. ముదిరితే రోజూ ఉంటుంది, ఊపిరితిత్తులు ఇక కోలుకోవు. 1950లలో ఇంగ్లండు లాంకషైర్ నూలు మిల్లుల్లో డాక్టర్ రిచర్డ్ షిల్లింగ్ ఈ జబ్బు దశలను నిర్ణయించింది దేనితోననుకున్నారు? సోమవారం ఛాతీ పట్టేస్తుందా, మిగతా రోజుల్లోనూ ఉంటుందా అని కార్మికులను అడిగి. ఇది ఎక్స్‌రేలో పట్టుబడే జబ్బు కాదు. మీ క్యాంపులో బీపీ మిషనుకూ అందదు. అడిగితేనే తెలుస్తుంది. మీవాళ్లకు ఇదే అని తేల్చడానికి నేను డాక్టర్ని కాను. ఛాతీ డాక్టరుతో ఊపిరి పరీక్ష చేయించండి. సోమవారం పని ఎక్కకముందోసారి, దిగాక మరోసారి. గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో ఇదొకటి.

ఇక మీ పెట్టె. ఖాళీగా ఉందంటే ఇబ్బందులు లేవని కాదు. రాయడం రానివాళ్లు రాయలేరు, వచ్చినవాళ్లు వాచ్‌మన్ కళ్లముందు వేయలేరు. వాళ్లను ఊళ్లనుంచి తెచ్చేది మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేదీ, ఆటో ఎక్కించేదీ అతనే. అతనికి కోపం వస్తే రేపు ఆటోలో చోటుండదు. అలాంటప్పుడు మేస్త్రీని పిలిచి "మనవాళ్లు ఎలా ఉన్నారయ్యా" అంటే "బ్రహ్మాండంగా ఉన్నారు సార్" అనక ఏమంటాడు?

మధ్యాహ్నం అన్నాలు తినే వేళ మీరే షెడ్డు వెనక్కి వెళ్లండి. మేస్త్రీ, సూపర్‌వైజరు వెంట రాకూడదు. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఓ ఆడమనిషిని తీసుకెళ్లండి. కనుబొమల మీద దూది నుసి, ముక్కుకు చుట్టుకున్న పైటకొంగు ఎలాగూ కనిపిస్తాయి. కనపడనివి వాళ్లు చెబుతారు. పొడి చీపురుతో ఊడ్చినప్పుడు దుమ్ము ఎంత లేస్తుందో, బాత్రూము తలుపుకు గడియ లేక పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా ఎవరు నెట్టుకొస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. విన్నవాటిలో ఒక్కటైనా ఆ వారమే చేసి చూపించండి. గడియకు పెద్ద ఖర్చేం కాదు. దుమ్ము లాగే ఏర్పాటుకు టైము పడుతుందంటే ఎప్పటికి అవుతుందో వాళ్ల ముఖానే చెప్పండి. చెప్పిన మనిషి కూలికి, పనికి ఏ ఢోకా రాకూడదు. వస్తే ఆ తర్వాత మీతో ఒక్కరూ నోరు విప్పరు.

ఇంకో మాట. ఇరవై మంది, ఆపైన కార్మికులున్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని 2010లోనే చట్టంలో చేర్చారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే చెబుతోంది. సభ్యుల్లో సగం కార్మికుల వైపు వాళ్లే. మీకు అరవై మంది. ఆ కమిటీ ఏదీ?

ప్రశ్న: జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని నాది. కన్వేయరు బెల్టు దగ్గర గార్డు ఊడిపోయింది. రెండుసార్లు చెప్పాను. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. మళ్లీ చెబితే తీసేస్తారేమో.

జవాబు: చెప్పాల్సిందే తమ్ముడూ, కానీ ఒంటరిగా వద్దు, నోటిమాటగా అసలే వద్దు. నలుగురు కలిసి తేదీ వేసి, సంతకాలు పెట్టి ఇవ్వండి. ఇచ్చిన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, సిమెంటు లాంటి ప్రమాదకర పరిశ్రమల్లో ముప్పు ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ అది ఉంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. యంత్రాలు పాతబడ్డాయని చెప్పినా పట్టించుకోలేదని మృతుల కుటుంబం ఒకటి పోలీసులకు ఫిర్యాదు చేసింది. ప్రాణాలు పోయాక రాసే ఫిర్యాదు అది. మీది ఇప్పుడే రాయండి. ఈలోగా బెల్టు తిరుగుతుండగా అటు చేయి పెట్టకండి.

ప్రశ్న: మా ఆఫీసులో నెలకో ఆదివారం 'వెల్‌నెస్ డే' పెట్టి రమ్మంటున్నారు. వెళ్లాలా?

జవాబు: పనిదినాన పెట్టమని అడగండి, ఆదివారం ఇంట్లో పడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిద్ర పట్టడం లేదంటున్నాడు. కంపెనీ కౌన్సెలరుతో మాట్లాడితే ఆ సంగతి మేనేజరుకు తెలిసి ఉద్యోగానికే ఎసరు వస్తుందని భయపడుతున్నాడు.
- ఓ తల్లి, నందిగామ

జవాబు: అమ్మా, ఆ భయం చాలామందిదే. మాట్లాడింది ఎవరికి చేరుతుందో ముందే కంపెనీని మెయిల్లో అడగమనండి. జవాబు నసిగినట్టుంటే వెళ్లనక్కర్లేదు. మీరు ఫోను చేసినప్పుడు మాత్రం పెళ్లి సంబంధాలు, ఇంటి లోను కాసేపు పక్కన పెట్టండి. వాడు చెప్పుకుంటుంటే వినండి, సలహా ఇవ్వకండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు, కంపెనీకి దానితో సంబంధం లేదు. నంబరు 14416. ఈ రాత్రికే వాడికి పంపండి.