పావు తిప్పు

గుంతలో పడిన రోజున బండికి ఏమీ కాలేదనే అనుకున్నాను. స్టీరింగ్ కాస్త వంకరగా పట్టుకుంటేనే కారు తిన్నగా పోయేది. వారంలో చేతులు దానికి అలవాటు పడిపోయాయి. నెలల తరవాత పంక్చర్ షాపులో చక్రం విప్పితే టైరు లోపలి అంచు బోడిగా అరిగి ఉంది. సర్దుకుపోవడాన్ని ఓర్పు అనుకుంటాం. చాలాసార్లు అది కొలిచి చూసుకోవడానికి బద్ధకం.

కాబట్టి కొలవండి. ముందు అరచేత్తో టైరును అడ్డంగా, అటూ ఇటూ నిమరండి. ఒకవైపు నున్నగా జారి, తిరుగు దిశలో రంపం పళ్లలా గీరుకుంటే టో తప్పినట్టే. టో అంటే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. రిమ్ము ముందంచుకీ వెనకంచుకీ 3 మిల్లీమీటర్ల తేడా ఏపాటిదిలే అనిపిస్తుంది. 40 సెంటీమీటర్ల రిమ్ము మీద అంత తేడా ఉంటే, ఆ టైరు కిలోమీటరుకు 7.5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినంత లెక్క. రోజూ!

సమతలమైన నేల చూసుకోండి. టైర్లలో గాలి సరిచేసి, స్టీరింగ్ తిన్నగా పెట్టండి. మేస్త్రీలు గోడ వరసకు కట్టే నైలాన్ దారాన్ని బండికి రెండు పక్కలా, చక్రం నడిమి ఎత్తులో లాగి కట్టండి. రెండు దారాలూ ఒకదానికొకటి సమాంతరంగా, బండికి సమదూరంలో ఉండాలి. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. దారం వంకరైతే పనంతా వంకరే. తరవాత దారం నుంచి రిమ్ము అంచులకు స్కేలు పెట్టి కొలవండి. ముందంచుకీ వెనకంచుకీ వచ్చిన తేడాను మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో పోల్చుకోండి.

స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ లాక్ నట్ వదులు చేసి, రాడ్‌ను పావు తిప్పు తిప్పండి. అంతే. బండిని కాస్త వెనక్కీ ముందుకీ తోసి మళ్లీ కొలవండి. అలవాట్లు మార్చుకోవడమూ ఇంతే. ఏడింటికి లేచేవారు రేపట్నుంచి నాలుగింటికే లేస్తామని ఒట్టు పెట్టుకుని మూడో రోజుకు మానేస్తారు. పావుగంట ముందు లేవండి, వారం చూడండి, అప్పుడు ఇంకో పావుగంట. ఎంత మారిందో చూసుకోకుండా మళ్లీ తిప్పినవాళ్లకు ఎక్కడున్నారో తెలియదు.

టై రాడ్ ఎండ్ లొడలొడలాడుతుంటే మాత్రం ముందు అది మార్పించండి. అరిగిన కీలు మీద ఎంత సరిచేసినా నిలవదు. క్యాంబర్, క్యాస్టర్ అనే మిగతా కోణాల జోలికి ఇంట్లో పోవద్దు, వాటికి మిషనున్న షాపే సరి. ఏది మన చేతి పనో, ఏది కాదో తెలుసుకోవడమూ నేర్పే. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎన్నడూ దూరకండి.

చివరగా లాక్ నట్ గట్టిగా బిగించి మరోసారి కొలవండి. బిగించేటప్పుడు రాడ్ కదలడం మామూలే. ఆ అంకెను తేదీతో సహా డైరీలో రాసి పెట్టుకోండి. ఈసారి గుంతలో పడ్డ సాయంత్రమే తీసి చూడొచ్చు.