పూజ సెలవుల్లో సముద్రానికి వెళ్ళేముందు

ఈ పత్రిక మీ చేతికి అందేసరికి కోల్‌కతా వీధుల్లో పూజ పందిళ్ళకు వెదురు గడలు పాతుతూ ఉంటారు. సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా క్వార్టర్లలో రెండే పేర్లు వినిపిస్తాయి: ఒకటి దీఘా, రెండోది పూరీ. అమ్మానాన్నల బదిలీల మీద విశాఖ, సికింద్రాబాద్, ఖరగ్‌పూర్ తిరిగి ఇక్కడ కలుసుకున్న తెలుగు పిల్లలం మేం నలుగురం. రాబోయే వారాల్లో సముద్రం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవచ్చా అని ఈ ఏడాది కూర్చుని చదివాం. ఎందుకు చదవాల్సి వచ్చిందో మొదట చెప్తాం.

నిరుడు పూరీలో జరిగింది

నిరుడు పూజ సెలవులకు మా రెండు కుటుంబాలు కలిసి రాత్రి రైలెక్కి పూరీ వెళ్ళాం. మర్నాడు ఎండ బాగా కాసింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, గాలీ లేదు. కానీ అలలు మాత్రం పెద్దవిగా, ఆగి ఆగి వస్తున్నాయి. మాలో ఒకరి తమ్ముడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. అలలంటే వాడికి భయం. అందుకని అటూ ఇటూ చూసి, అలలు విరగని చోటు ఒకటి వెతుక్కున్నాడు. రెండు నురగ గుట్టల మధ్య నీళ్ళు నల్లగా, నిమ్మళంగా ఉన్నాయి. వాడు అక్కడే దిగాడు.

మేం గట్టు మీద కొబ్బరి బోండాలు తాగుతున్నాం. రెండు నిమిషాల తర్వాత చూస్తే వాడి తల మాత్రమే కనబడుతోంది. ఒడ్డుకేసి చేతులు కొడుతున్నాడు. ఎంత కొట్టినా దూరమే అవుతున్నాడు. అప్పుడు మా వెనక నుంచి ఒక పెద్దాయన పరుగెత్తుకుంటూ వచ్చి, తెలుగులో గట్టిగా అరిచాడు: "ఒరే బాబూ, ఒడ్డుకి ఈదకురా! పక్కకి రా, పక్కకి!"

వాడికి ఒడియా రాదు, హిందీ అంతంతమాత్రం. ఆ మాట మాత్రం అర్థమైంది. పక్కకి తిరిగాడు. పెద్దాయన ట్యూబు పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళి వాడిని అందుకున్నాడు.

ఆయన నోలియా. ఆంధ్ర తీరం నుంచి తరాల కిందట వెళ్ళి పూరీలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులను అక్కడ అలాగే పిలుస్తారు. పూరీలో పెంటకోట అనే పేట వాళ్ళదే. తెప్పలు కట్టి చేపలు పట్టడంతో పాటు, స్నానానికి దిగిన యాత్రికులను కాపాడే పని కూడా వాళ్ళు చేస్తారు. మా అమ్మ వాళ్ళు డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "నెమ్మదిగా ఉన్న నీళ్ళని నమ్మకండి" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు అర్థం వెతకడమే ఈ పాఠం.

నిమ్మళంగా ఉన్న నీళ్ళ సంగతి

అలలు విరిగినప్పుడల్లా బోలెడు నీరు ఒడ్డు మీదికి వచ్చి పడుతుంది. ఆ నీరు మళ్ళీ సముద్రంలోకి పోవాలి. ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక మేటలుంటాయి. ఆ మేటల మధ్య సందు దొరికితే నీరంతా ఆ సందులోంచి కాలవలా వెనక్కి పరుగెత్తుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. సందులో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, నురగ ఉండదు. అందుకే పిల్లలకు అదే మంచి చోటులా కనిపిస్తుంది. బలమైన రిప్ కరెంట్ సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకోగలదు. అంత వేగానికి ఎదురీదడం పేరున్న ఈతగాడికి కూడా సాధ్యం కాదు.

అయితే ఆ కాలవ వెడల్పు తక్కువ. ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈదితే దాంట్లోంచి బయటపడతాం. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. రిప్ కరెంట్ మనిషిని దూరంగా లాగుతుంది గాని అడుగుకు లాగదు. ఎదురీది అలసిపోయినవాళ్ళే మునిగిపోతారు. పెద్దాయన "పక్కకి రా" అన్నది అందుకే.

ఎండలో కూడా పెద్ద అలలు ఎందుకు?

అలను పుట్టించేది గాలి. గాలి ఎంత వేగంగా, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీస్తే అల అంత పెద్దదవుతుంది. దగ్గర్లో వీచే గాలికి పుట్టిన అలలు చిందరవందరగా, అయిదారు సెకన్లకొకటి వస్తాయి. దూరంలో పుట్టిన అలలు ప్రయాణంలో వరస కట్టి, పన్నెండు నుంచి పద్దెనిమిది సెకన్లకొకటి వస్తాయి. వీటిని స్వెల్ అంటారు. బంగాళాఖాతానికి దక్షిణాన అడ్డుగా నేల లేదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో తుపాను గాలి వీస్తే, ఆ అలలు తిన్నగా మన తీరానికి చేరగలవు.

ఎన్నాళ్ళకు చేరతాయి? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కొలిచి 2.8తో గుణిస్తే, ఆ అలల గుంపు లోతు నీటిలో గంటకు ఎన్ని కిలోమీటర్లు ప్రయాణించిందో సుమారుగా తెలుస్తుంది. 16 సెకన్ల అలలైతే గంటకు 45 కిలోమీటర్లు, అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఏడు వేల కిలోమీటర్ల దూరం నుంచి రావాలంటే దాదాపు వారం. కాబట్టి ఇవాళ మన ఆకాశం ఎలా ఉందన్నది ఆ అలలకు పట్టదు. పోయిన వారం ఎక్కడో వీచిన గాలి ఇవాళ పూరీలో విరుగుతోంది.

చంద్రుడు ముందే చెప్పే సంగతి

ఆటుపోట్ల మాట వేరు. వాటిని ఏళ్ళ ముందే లెక్క కట్టవచ్చు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల పోటు వేళ రోజూ 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఉదయం 10 గంటలకు పోటు నిండితే రేపు 10:50కి నిండుతుంది. వారం గడిచేసరికి దాదాపు ఆరు గంటలు జరిగి, పోటు ఉన్న వేళకు ఆటు వస్తుంది.

అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలో పని చేస్తుంది. అప్పుడు పెద్ద పోట్లు వస్తాయి. అష్టమి రోజుల్లో ఆ రెండూ అడ్డదిడ్డంగా పని చేస్తాయి కాబట్టి చిన్న పోట్లు. రెండింటి ప్రభావమూ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. మన దసరాకూ బెంగాల్ పూజలకూ చంద్రుడు ఒక్కడే కదా! కాబట్టి రాబోయే నాలుగు వారాల పోటు పట్టిక పండగల్లోనే ఉంది:

మహాలయ అమావాస్య, ఆ తర్వాత రెండు రోజులు: పెద్ద పోట్లు, లోతైన ఆట్లు.
దుర్గాష్టమి నుంచి విజయదశమి వరకు: చిన్న పోట్లు.
లక్ష్మీపూజ పున్నమి, ఆ తర్వాత రెండు రోజులు: మళ్ళీ పెద్ద పోట్లు.
పున్నమి తర్వాత వచ్చే అష్టమి ప్రాంతం: చిన్న పోట్లు.
కాళీపూజ, అంటే మన దీపావళి అమావాస్య: మళ్ళీ పెద్ద పోట్లు.

విశాఖ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. బంగాళాఖాతం ఉత్తరానికి పోయే కొద్దీ గరాటులా ఇరుకవుతుంది, లోతు కూడా తగ్గుతుంది. సాగర్ ద్వీపం దగ్గరకు వచ్చేసరికి ఆ తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. పెద్ద పోటు రోజుల్లో హుగ్లీ నదిలో నీరు గోడలా పైకి ఎగబాకుతుంది. దాన్ని బెంగాలీలు ‘బాన్’ అంటారు. పాత దీఘాలో పోటు నిండినప్పుడు ఇసుక కనబడదు, అలలు నేరుగా గట్టు రాళ్ళను కొడతాయి. ఆ వేళ రాళ్ళ మీద నిలబడి ఫోటో తీసుకోవడం ప్రమాదం. నీళ్ళ దగ్గర ఆడుకోవాలంటే పోటు వేళ అడిగి తెలుసుకుని, అది కాని సమయంలో వెళ్ళాలి. ఆటులో మేటల మీద దూరంగా నడిచి వెళ్ళినవాళ్ళు కూడా నీరు తిరిగి రాకముందే వెనక్కి రావాలి. నీరు ముందు వెనక ఉన్న పల్లాలను నింపుతుంది, మేట మీద ఉన్నవాళ్ళకు అది తెలియదు.

గాలివానల కాలం

అక్టోబరు మధ్యకు నైరుతి రుతుపవనాలు సాధారణంగా బెంగాల్ నుంచి వెళ్ళిపోతాయి. వర్షాకాలపు పెద్ద అలలు తగ్గుముఖం పడతాయి. కానీ బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. విశాఖను కుదిపిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసిన తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. 2024 అక్టోబరు 24 రాత్రి ‘దానా’ ఒడిశా తీరాన్ని తాకింది.

కోల్‌కతాకూ మన తీరానికీ ఈ విషయంలో పాత చుట్టరికం ఉంది. 1864 అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుపాను ముంచింది. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు మొదట్లో, మచిలీపట్నం మీద ఉప్పెన పడి సుమారు ముప్పై వేలమంది పోయారు. మరుసటి ఏడాది కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, దాని మొదటి ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే. ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కూడా కలకత్తాలో ఉండి పని చేసినవాడే.

పోటు, అల, గాలి మూడూ ఒకేసారి కలిస్తే ఏమవుతుందో 2021 మే 26న దీఘా చూసింది. ఆ రోజు ‘యాస్’ తుపాను తీరం దాటింది ఒడిశాలో, బాలాసోర్‌కు దక్షిణాన. అయినా దీఘాలో సముద్రం గట్టు దాటి ఊళ్ళోకి వచ్చింది. ఆ రోజు పున్నమి.

ఎంత ముందు, ఎవరు చెప్తారు?

పోటు సంగతి ఏడాది ముందు తెలుస్తుంది. అల సంగతి కొన్ని రోజుల ముందు. తుపాను ఎక్కడ తాకుతుందో కూడా కొద్ది రోజుల ముందే కచ్చితంగా తెలుస్తుంది. రాబోయే రెండు వారాల్లో తుపాను పుట్టే అవకాశం ఎంత ఉందో వాతావరణ శాఖ ప్రతి గురువారం చెప్తుంది. ఇక్కడివాళ్ళకు అలీపూర్ కేంద్రం సూచనలు ఇస్తుంది. అలల సంగతి చెప్పేది, వింతగా, సముద్రం లేని మన హైదరాబాదు! అక్కడి ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, 1999లో మొదలైంది. అలల ఎత్తు, వ్యవధి, గాలి, ప్రవాహాలను మత్స్యకారుల కోసం రోజూ ముందుగా ప్రకటిస్తుంది. అందులో అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే, అది ఎత్తైన మూడో వంతు అలల సగటు. వాటి మధ్య ఎప్పుడో ఒకటి 3 మీటర్లది కూడా రావచ్చు.

అందుకే మేం ఈసారి మూడు పనులు చేయాలని అనుకున్నాం. బయలుదేరే ముందు రోజు పోటు వేళ, అల వ్యవధి, తుపాను సూచన చూస్తాం. ఒడ్డు చేరాక పది నిమిషాలు నీళ్ళలోకి దిగకుండా, అలలు ఎక్కడ విరగడం లేదో చూస్తాం. ఎర్ర జెండా ఉన్నా, కాపలా మనిషి లేకపోయినా కాళ్ళు తడుపుకుని వచ్చేస్తాం. తమ్ముడు నాలుగోది కలిపాడు: పూరీలో ఆ పెద్దాయన కనబడితే పలకరించాలట. తెలుగులోనే.

మీరు చేసి చూడండి

1. సోమవారం ఉదయం 9:20కి పోటు నిండింది. గురువారం ఉదయం ఎన్నింటికి నిండుతుంది?
2. పది అలలు దాటడానికి 140 సెకన్లు పట్టింది. ఆ అలలు 7,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి ఉంటే, ఎన్ని రోజుల కిందట బయలుదేరాయి?
3. మీరు ఇంతకుముందు చూసిన సముద్ర తీరంలో, అలలు విరగని చోటు ఎక్కడ ఉండేదో గుర్తు చేసుకుని బొమ్మ గీయండి.

జవాబులు: 1. సుమారు 11:50కి. 2. వ్యవధి 14 సెకన్లు, వేగం గంటకు సుమారు 39 కిలోమీటర్లు, దాదాపు ఏడున్నర రోజులు. 3. మీ బొమ్మను మీ ఇంట్లో చిన్నవాళ్ళకు చూపించండి.