గోడకు ఊత, ఓడకు ఊత

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాత మిద్దెలు మనకు తెలిసినవే. నాలుగు రోజులు జడివాన పట్టిందంటే రాళ్ల మధ్య మట్టి నాని గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికొస్తుంది. ఇంటివారు దొరికిన కట్టె తెచ్చి ఆనిస్తారు. నిజానికి ముందు ఆ గది ఖాళీ చేయాలి, ఆ తర్వాతే కట్టె సంగతి. 2021 నవంబరు వానల్లో కదిరిలో భవనం కూలి ప్రాణాలు పోయాయి కదా!

ఊత చేసే పని ఏమిటి? గోడ తోపుడును నేలకు అందించడం. కాబట్టి కట్టె కొస కంటే అడుగే ముఖ్యం. తడిమట్టిలో నిలిపితే దిగబడుతుంది, లేదా జారుతుంది. కింద మందమైన పలకో బండో వేయాలి. పైన కట్టె మొన ఒక్కచోటే గుచ్చుకోకుండా గోడకు నిలువుగా ఇంకో పలక ఆనించాలి. కట్టె నేలతో 45 నుంచి 75 డిగ్రీల కోణంలో ఉండాలి. బిగించడానికి సుత్తితో బాదకూడదు, ఆ అదురుకే గోడ కూలవచ్చు. ఏటవాలుగా చెక్కిన రెండు చెక్కముక్కలను ఎదురెదురుగా మెల్లగా దూర్చాలి. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఆనందిస్తాం. మన ఊతకట్టె అడుగున మాత్రం గుడ్డ దూరకూడదు!

ఇరుకు సందులో వాలుకట్టెకు చోటుండదు. అక్కడ ఎదుటి గోడకు అడ్డంగా దూలం బిగిస్తారు, ఆ గోడ గట్టిదైతేనే.

పెట్టడం కంటే తీయడం కష్టం. దీనికి ఓడ మంచి ఉదాహరణ. ఒడ్డున కట్టే ఓడకు అడుగున దిమ్మలు, పక్కల ఊతలు ఉంటాయి. నీటిలోకి దించేముందు బరువును జారుడుదారి మీది చట్రానికి మారుస్తూ, ఊతలను ఒక వరుసలో తప్పిస్తారు. విశాఖపట్నంలో కట్టిన 'జల ఉష' ఓడను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు.

స్లాబు కిందా ఇదే లెక్క. బేల్దారి, సెంట్రింగ్ పనులకు బెంగళూరు పోయే కుటుంబాల పిల్లలం మనలో ఎందరో ఉన్నాం. జాకీలు ఇంకో ఇంటికి కావాలని తొందరపెట్టే మేస్త్రీలూ ఉంటారు. సాధారణ సిమెంటుతో వేసి, బాగా నీళ్లు పట్టిన స్లాబుకు 4.5 మీటర్ల లోపు దూరమైతే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఊతలుంచాలని ఐ.ఎస్. 456 నియమావళి చెబుతుంది. 6 మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు.