రాస్ చేపలు అమ్మేముందు

చాంద్రాయణగుట్ట, బార్కస్ వైపు అక్వేరియం దుకాణంలో పనికి కుదిరిన కుర్రాళ్లకు గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు తొందరగానే అలవాటవుతాయి. ఉప్పునీటి ట్యాంకు దగ్గరే తడబడతారు. ఇళ్లకు వెళ్లి ట్యాంకులు చూసే సర్వీసు పని కావాలంటే అదే నేర్చుకోవాలి. ‘భాయ్, రంగున్నది చూపించు’ అని కస్టమర్ అడిగితే వేలు వెళ్లేది రాస్ మీదికే. కాబట్టి వాటితో మొదలుపెట్టండి.

రంగు చూసి పేరు చెప్పొద్దు. చాలా రాస్‌లు ముందు ఆడవిగా ఉండి తర్వాత మగవిగా మారతాయి. అప్పుడు రంగూ మారుతుంది. కోరిస్ పిల్ల ఎర్రటి ఒంటి మీద నల్లంచు తెల్లమచ్చలతో ముద్దుగా ఉంటుంది. పెరిగితే అడుగు దాటుతుంది, ఆ ఎరుపూ ఉండదు. చిన్న ట్యాంకువాళ్లకు దాన్ని అంటగడితే గొడవ మీ మీదికే వస్తుంది. మూన్ రాస్ తోకలో పసుపు నెలవంక ఉంటుంది. అదీ జానెడు దాటి పెరుగుతుంది, ట్యాంకులో రొయ్యల్ని మిగల్చదు. సిక్స్ లైన్ వేలంతే, ఊదా ఒంటి మీద ఆరు నారింజ గీతలు. కానీ పొగరు. తన తర్వాత వచ్చిన చేపను తరిమి తరిమి కొడుతుంది. దాన్ని అన్నిటికన్నా చివర వేయించండి.

క్లీనర్ రాస్‌కు నోరు మూతి కొసన ఉంటుంది. నోరు మూతి కిందికి ఉందంటే అది దాని వేషం కట్టిన బ్లెన్నీ, మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది. అసలు క్లీనర్‌ను తెల్లమచ్చల జబ్బుకు మందులా అమ్మడం నాకు నచ్చదు. వేరే చేపల ఒంటి మీది పురుగులే దాని తిండి. ఇంటి ట్యాంకులో అవి చాలక చాలావరకు చిక్కి చస్తుంది.

యెల్లో కోరిస్ అని అమ్మే పసుపు చేప నిజానికి హాలికోరిస్. ఆ జాతి రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది. కొత్త ట్యాంకులో బెదిరితే రోజుల తరబడి బయటికి రాదు. ‘చేప మాయమైంది’ అని ఫోన్ వస్తుంది. ఇసుక తవ్వొద్దని అమ్మేటప్పుడే చెప్పండి. సన్న ఇసుక రెండు అంగుళాలైనా ఉండాలి, గులకరాళ్లు వేస్తే ఒళ్లు గీరుకుపోతుంది. దుకాణంలో కొత్త చేపల్ని విడిగా ఉంచే ఇసుకలేని ట్యాంకులోనూ ఒక డబ్బాలో ఇసుక పెట్టండి. ఫెయిరీ రాస్‌కు ఇసుక అక్కర్లేదు, మూత కావాలి. బెదిరితే ఎగిరి గచ్చు మీద పడుతుంది. సన్న జాలీ బిగించాలి.

నీళ్ల విషయంలో నల్లా, బోరు రెండూ వద్దు, ఆర్వో నీళ్లలోనే ఉప్పు కలపండి. ఉప్పు సాంద్రత రీడింగ్ 1.025 దగ్గర, వేడి 25–27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో చిల్లర్ లేకుండా అది జరగని పని. ఎండకు ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాల్సిందే.

పగడం అడిగేవాళ్లూ వస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రీఫ్ కట్టే పగడాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, సముద్రపు గుర్రాలూ అంతే. ఎండిన ముక్క అమ్మినా కేసే, ‘ఓనరే అమ్మమన్నాడు’ అంటే మీరు తప్పించుకోలేరు. సిరామిక్ రాళ్లు చూపించండి, రాస్‌కు దూరడానికి సందులుంటే చాలు.